ఇంజన్ చూసి కాదు, ఇనుము చూసి కొనండి

"అన్నా, పాత స్పోర్ట్స్ కారు ఒకటి కొనాలనుండాది, రెండు రెండున్నర లక్షల్లో ఏదన్నా చెప్పు" అని అడిగే పిల్లోళ్ళు తిరుపతిలో కూడా బాగానే తయారయ్యారు, నాకు అది నిజంగా సంతోషం. కానీ ఆ వెంటనే వాళ్ళు అడిగే రెండో ప్రశ్న దగ్గరే మాకు వాదన మొదలవుతుంది. ఇంజన్ ఎట్లుండాలన్నా, ఎన్ని కిలోమీటర్లు తిరిగుండాలన్నా, పొగ రాకూడదు కదన్నా, ఇవే. బండి చూడ్డానికి పోయినోళ్ళు ఎవరైనా సరే మొట్టమొదట చేసే పని బానెట్ ఎత్తడం. అమ్మేవాడికీ ఆ సంగతి తెలుసు కాబట్టి ముందురోజే ఇంజన్‌ని డీజిల్ కొట్టి కడిగి తళతళ మెరిసేట్టు పెట్టుంటాడు. నేను చెప్పేది ఏందంటే, మన బడ్జెట్‌లో కొనేటప్పుడు ఇంజన్ గురించి ఆఖర్న ఆలోచించాలి. ముందు కాయితాలు, తర్వాత బాడీలో ఇనుము, ఈ రెండూ గట్టిగా ఉంటే ఇంజన్ సగం పోయినా పర్వాలేదు. చెన్నై, బెంగుళూరు యాడ్‌లు చూసే ముందు చిత్తూరు, మదనపల్లె, అనంతపురం వైపు ఇళ్ళ ముందు టార్పాలిన్ కప్పి పెట్టిన కార్లు చూడమని కూడా చెప్తా. ఎందుకో వివరంగా రాస్తున్నా, కొంచెం ఓపిగ్గా చదవండి.

ముందు అసలు ఏ కార్ల గురించి మాట్లాడుకుంటున్నామో తేల్చుకుందాం. ఇంటర్నెట్‌లో తక్కువ బడ్జెట్ స్పోర్ట్స్ కారు అని వెతికితే మొదట వచ్చేది మాజ్దా ఎంఎక్స్-5, అమెరికా వాళ్ళు మియాటా అంటారు. 1989లో షికాగో ఆటో షోలో చూపించారు, 1960ల నాటి ఇంగ్లీషు ఓపెన్ కార్ల స్ఫూర్తితో చేసిన చిన్న రెండు సీట్ల బండి, 2016 కల్లా పది లక్షల కార్లు తయారయినాయి. అక్కడ చదువుకునే పిల్లలు కూడా సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కుంటారు. మనకి అది కుదరదు. మాజ్దా వాళ్ళు ఇక్కడ అమ్మలేదు, బయటినుంచి వాడిన కారు తెప్పించుకోవాలంటే మూడేళ్ళకంటే పాతది కాకూడదని రూలు, పైన పడే డ్యూటీ కారు ధరనే దాటేస్తుంది. కాబట్టి ఆ వీడియోలు చూసి ఆనందపడి పక్కన పెట్టేయడమే, ఇక్కడ అమ్ముడైన కార్లలోంచే మనం వెతుక్కోవాలి.

అయితే ఇక్కడ అమ్ముడైన కార్లు తీసిపారేసేవేమీ కాదు. ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అని 1962లో వచ్చిన ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు ఉంది, ఫోటో చూస్తే మనసు పోతుంది. దాని కింద ఉండేది ట్రయంఫ్ హెరాల్డ్ అనే ఇంకో కారు చాసిస్‌నే, అంటే కింది ఇనుప ఫ్రేమునే, పొట్టిగా చేసింది, రెండింటికీ డిజైన్ గీసింది ఒకే మనిషి, ఇటలీకి చెందిన మికెలొట్టి. ఆ హెరాల్డ్‌నే 1961 నుంచి మద్రాసు పక్కన వండలూరులో స్టాండర్డ్ కంపెనీ తయారు చేసింది, అంటే తిరుపతి నుంచి మూడు నాలుగు గంటల ప్రయాణం దూరంలో. మా నాయన తరంలో డాక్టర్లు, వకీళ్ళు వాడిన స్టాండర్డ్ హెరాల్డ్ అదే. బానెట్ మొత్తం, మడ్‌గార్డులతో సహా, ముందుకి పడుతుంది. టైరు మీద కూర్చొని ఇంజన్ పని చేసుకోవచ్చు. బాడీ ముక్కలు ముక్కలుగా చాసిస్‌కి బోల్టులతో బిగించుంటుంది, ఎందుకంటే ఆ రోజుల్లో ఇంగ్లండులో ట్రయంఫ్ వాళ్ళకి మొత్తం బాడీ ఒకేచోట చేసిచ్చే ఫ్యాక్టరీ దొరకలేదు. వాళ్ళకి కష్టంగా మొదలైంది మన షెడ్డు మేస్త్రీలకి వరమైంది. 948 సీసీ చిన్న ఇంజన్, స్పీడేం రాదు, కానీ స్టీరింగ్ తిప్పితే గల్లీలో ఆటోలాగా తిరిగిపోతుంది.

హెరాల్డ్ వద్దు, రోజూ తిప్పాలి అనుకుంటే ఇంకో తరం ఉంది. మారుతి ఎస్టీమ్, ఒకప్పుడు మన కారు ర్యాలీ పోటీల్లో జిప్సీతో పాటు ఎక్కడ చూసినా అదే. ఫోర్డ్ ఐకాన్ 1.6, చెన్నై దగ్గర మరైమలై నగర్‌లో పుట్టింది. ఫియట్ పాలియో 1.6, నూరు హార్స్‌పవర్. హోండా సిటీ మొదటి మోడల్‌లో వీటెక్ ఇంజన్‌ది, 106 హార్స్‌పవర్, బరువు టన్ను చుట్టుపక్కల. శాన్ స్టార్మ్ అని గోవా కంపెనీ చేసిన నిజమైన రెండు సీట్ల కారు కూడా ఉంది, రెనో 1149 సీసీ ఇంజన్, ఫైబర్ గ్లాస్ బాడీ. దానికి బాడీ తుప్పు పట్టదు కానీ ముందు అద్దం పగిలిందంటే తెచ్చుకునే చోటు లేదు, అందుకే డబ్బు తక్కువ ఉన్నోళ్ళకి నేను అది చెప్పను. నాది 2002 సిటీ వీటెక్, ఏపీ 03 నంబరు. 2019 నుంచి కొత్త బండ్లకి రాష్ట్రమంతా ఏపీ 39 వచ్చేసింది కాబట్టి ఆ 03 చూస్తేనే మన పాత చిత్తూరు జిల్లా బండి అని తెలిసిపోతుంది, అదొక ముచ్చట.

నాలుగు డోర్లున్న ఫ్యామిలీ కారుని స్పోర్ట్స్ కారంటావేంది, ఆ డబ్బుతో సెకండ్ హ్యాండ్ స్విఫ్ట్ వచ్చేది కదా అని మా బావ ఇప్పటికీ అంటాడు. స్విఫ్ట్ మంచి కారే, పెళ్ళికీ ఆసుపత్రికీ అదే కావాల. కానీ పొద్దున్నే లేచి ఊరికే ఎక్కడికో పోయి రావాలనిపించే కారు వేరే. పైగా పాత కారు మంచిది దొరికితే ధర పడిపోయే కాలం దాటేసుంటుంది, నువ్వు పెట్టిన రెండు లక్షలు మూడేళ్ళ తర్వాత కూడా రెండు లక్షలకి దగ్గర్లోనే ఉంటాయి. మంచిది దొరికితేనే. అందుకే ఈ తుప్పు గొడవంతా.

చెన్నైలో నేను చూసిన ఒక కారు సంగతి చెప్తా. నల్ల రంగు వీటెక్, ఫోటోల్లో అద్దంలాగా ఉంది, సీట్లకి కొత్త కవర్లు, ఇంజన్ శబ్దం వినసొంపుగా ఉంది, ఓనరు సైలెన్సర్ దగ్గర తెల్ల గుడ్డ పెట్టి పొగ లేదని చూపించాడు. నాతో వచ్చిన మా మెకానిక్ అన్న ఇంజన్ వైపు పోనేలేదు. డిక్కీ తెరిచి మ్యాట్ ఎత్తి స్టెప్నీ బయటికి తీశాడు. ఆ గుంతలో అడుగున నల్ల తారు పెయింట్ మందంగా కొట్టుంది, ఆ పెయింట్ మిగతాచోట్ల కంటే కొత్తగా ఉంది. స్క్రూడ్రైవర్ పిడితో చిన్నగా తట్టాడు. ఇనుము మీద తడితే ఠంగ్‌మంటుంది, అక్కడ మెత్తగా డొప్పుమంది. మొన తిప్పి కొంచెం నొక్కాడు, అంతే, దిగిపోయింది, రేకు పొరలు పొరలుగా లేచి కింద రోడ్డు కనపడింది. తర్వాత అయస్కాంతానికి గుడ్డ చుట్టి వెనక చక్రం పైన వంపు దగ్గర పెట్టాడు, అంటుకోలేదు, జారిపోయింది, అంటే లోపల రేకు లేదు, పుట్టీ పెట్టి రంగు కొట్టేశారు. డోరు కింద జాకీ పెట్టే చోటూ అట్నే. ఓనరు మంచాయనే, ఆయనకీ తెలియదనుకుంటా, మొహం వాడిపోయింది.

తిరిగొచ్చేటప్పుడు మెకానిక్ అన్న చెప్పిన మాట నాకు బాగా పట్టుకుంది. "ఇంజన్‌ది ఏముండాదినా, వారంలో దించి రింగులేసి ఎక్కిస్తా. బాడీ కుళ్ళిపోయిందంటే నేనేం చేసేది, అది కారే కాదు కదా" అన్నాడు. లెక్క అదే. పొద్దున్నే స్టార్ట్ చేస్తే నీలం పొగ వస్తుందంటే వాల్వ్ సీల్స్, అది అందరికీ తెలిసిన పని. హెడ్ గ్యాస్కెట్ పోయిందంటే హెడ్ దించి లెవెల్ చేయించి వేస్తారు. మొత్తం ఇంజన్ పోయినా చెన్నై పుదుపేట పాత సామాన్ల బజార్లో ఇంకో ఇంజన్ దొరుకుతుంది. కానీ ముందు సస్పెన్షన్ పైన బిగించే చోట రేకు తుప్పు పట్టిందంటే దాన్ని కోసి కొత్త రేకు వంచి సరైన కొలతకి వెల్డింగ్ చేసే మేస్త్రీలు మన దగ్గర చాలా తక్కువ, ఉన్నా వాళ్ళకి రోజుల లెక్కన కూలి ఇయ్యాల, ఒకచోట కోస్తే పక్కన ఇంకోచోట బయటపడుతుంది, ఎక్కడ ఆగుతుందో ముందు ఎవరూ చెప్పలేరు. తక్కువ డబ్బున్నోడు అట్లాంటి అంతు తెలియని ఖర్చులో దిగకూడదు.

ఇప్పుడు మన ప్రాంతం సంగతి. ఇంగ్లండులో చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అందుకే అక్కడ స్పిట్‌ఫైర్ కొనేవాళ్ళు మొదట వంగి డోర్ల కింద పట్టీలు చూస్తారు, ఆ కారు బలం చాలావరకు వాటిల్లోనే ఉంటుంది. అమెరికాలో అయితే అరిజోనా, కాలిఫోర్నియా లాంటి ఎండ ప్రాంతాల కార్లకి ప్రత్యేకంగా గిరాకీ, యాడ్‌లోనే ఆ మాట రాసుకుంటారు. మనకి అట్లాంటి ప్రాంతం రాయలసీమ. అనంతపురంలో ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన, చెన్నైలో 1,400, దానికితోడు సముద్రపు గాలి. ఇరవై ఏళ్ళు మదనపల్లెలో ఉన్న కారుకీ అన్నేళ్ళు చెన్నై అడయారులో ఉన్న కారుకీ కింద పడుకొని చూస్తే తేడా కళ్ళకి కొట్టొచ్చినట్టు కనపడుతుంది. చెన్నై గాలి ఇనుముని తింటుంది, మన ఎండ రబ్బరుని తింటుంది. మన దగ్గర కారుకి డ్యాష్‌బోర్డు పగుళ్ళిస్తుంది, డోర్ బీడింగులు గట్టిపడిపోతాయి, హెడ్‌లైట్లు పచ్చబడతాయి, పైకప్పు మీద రంగు పొట్టు లేస్తుంది, సస్పెన్షన్ బుష్‌లు చీలిపోతాయి, చూడ్డానికి దరిద్రంగా ఉంటుంది. అందుకే జనం చూసి వెనక్కి పోతారు, అందుకే ధర తక్కువ. కానీ ఇవన్నీ స్పానర్ పట్టి విప్పి కొత్తవి బిగించేవి, ఈ నెల ఒకటి వచ్చే నెల ఒకటి మార్చుకోవచ్చు. నేను కొన్న కారు చిత్తూరులో రిటైరైన ఒక లెక్చరర్‌ది, రంగు ఎండకి వెలిసిపోయింది, ఇంజన్ కొంచెం ఆయిల్ తాగుతుంది, కానీ స్టెప్నీ గుంతలో కంపెనీ వాళ్ళు కొట్టిన రంగు అట్నే ఉంది. ఆయన దగ్గర బేరం కూడా పెద్దగా ఆడలేదు.

మన ప్రాంతమైతే చాలని గుడ్డిగా కొనమని మాత్రం చెప్పను. 2021 నవంబరులో తిరుపతిలో వానలకి వీధులు మునిగిపోయి కార్లు నీళ్ళలో తేలింది అందరం చూశాం. చెన్నైలో 2015 డిసెంబరు, మళ్ళీ 2023 డిసెంబరు. మునిగిన కార్లు తుడిచి ఆరబెట్టి ఎక్కడో ఒకచోట అమ్ముతారు. సీటు బెల్టుని పూర్తిగా చివరిదాకా బయటికి లాగి చూడండి, ఆ చివర్లో బురద గీత ఉంటే ఇంక నమస్కారం పెట్టి వచ్చేయండి. బెల్టు అంత లోపలిదాకా లాగి కడిగేవాళ్ళు తక్కువ.

కాయితాల గురించి ముందే చెప్పుండాల్సింది, వరసలో మొదటిది అదే. 15 ఏళ్ళు దాటిన సొంత కారుకి ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్, దానికి బండి చూపించి ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, చేయించుకోవాల. కేంద్రం 2025 ఆగస్టు నుంచి 20 ఏళ్ళు దాటిన కార్లకి ఆ ఫీజు 10,000 చేసింది, 15కీ 20కీ మధ్య అయితే 5,000. మన రాష్ట్రంలో గ్రీన్ ట్యాక్స్ వేరే. ఇది పెద్ద భారం కాదు, లెక్కలో రాసుకుంటే చాలు. భారమయ్యేది పాత హైపోతికేషన్, అంటే ఆర్సీలో ఉండే లోను రాత. 2000 ప్రాంతంలో లోను మీద కొన్న కారు, లోను ఎప్పుడో తీరిపోయింది, ఆర్సీలో మాత్రం ఫైనాన్స్ కంపెనీ పేరు అట్నే ఉంది, ఆ కంపెనీ ఇప్పుడు లేదు, ఎవరో కొనేశారు, ఇంక లోను తీరిందని ఎన్‌ఓసీ ఎవరిస్తారు? ఆ ఎన్‌ఓసీతోపాటు, లోను రాత తీసేయడానికి పెట్టే ఫారం 35 సంతకం పెట్టించి తెచ్చే పని అమ్మేవాడిదే, డబ్బు చేతులు మారకముందే. ఢిల్లీ కారు చవగ్గా వస్తుందని ఆశపడేవాళ్ళకి ఇంకో మాట, అక్కడ 15 ఏళ్ళు దాటిన పెట్రోలు కార్ల మీద ఆంక్షలున్నాయి, ఆర్సీ బతికుందో లేదో చూడకుండా బండిని ఇక్కడికి తెచ్చుకొని ఏం చేస్తావు. తమిళనాడు నుంచి తెచ్చినా అక్కడి ఆర్టీవో ఎన్‌ఓసీ, ఇక్కడ మళ్ళీ లైఫ్ ట్యాక్స్, కొత్త నంబరు, అవన్నీ కలిపితే చిత్తూరు కారు పదివేలు ఎక్కువ చెప్పినా చవకే.

కాయితాలకీ ఇనుముకీ సంబంధం కూడా ఉంది. పేరు మార్చేటప్పుడు చాసిస్ నంబరు మీద కాయితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ఆ ప్రింటు ఫారానికి అంటిస్తారు. ఆ చోట తుప్పు పట్టి అంకెలు చెరిగిపోయినాయంటే బండి నీదేనని ఎవరికి రుజువు చేస్తావు? అందుకే ఆర్సీ చేతిలో పట్టుకొని, టార్చి వేసి, ఒక్కో అంకె వేలు పెట్టి చదువుకున్నాకే అడ్వాన్సు మాటెత్తండి.

నాతో గట్టిగా వాదించేవాళ్ళు ఇంకొకరున్నారు. ఇప్పుడు యాభై వేలకి తుప్పు కారు తెచ్చి షెడ్డులో పెడతాం, నెలనెలా కొంచెం కొంచెం చేయించుకుంటాం, మధ్య తరగతి వాళ్ళకి అదే దారి అంటారు. వినడానికి బాగుంటుంది కానీ జరిగేది నేను చూస్తానే ఉన్నా. రేణిగుంట రోడ్డులో, చిత్తూరులో ఏ షెడ్డుకైనా పొండి, వెనక గోడ దగ్గర ఇంజన్ దించేసిన పాత కారు ఒకటి ఉంటుంది. ఓనరు మొదటి నెల డబ్బిచ్చాడు, రెండో నెల పిల్లల ఫీజులు, మూడో నెల ఇంట్లో ఎవరికో ఆపరేషన్, మేస్త్రీకి వేరే అర్జెంటు బండ్లు వస్తాయి, విప్పిన బోల్టులు డబ్బాలో ఉంటాయి, ఆ డబ్బా ఏదో ఎవరికీ గుర్తుండదు. విప్పేసిన కారుకి విలువ లేదు, తోలుకొనిపోయే కారుకి ఉంది. నెలనెలా చేయించుకోవడం నాకూ ఇష్టమే, కానీ కారు రోడ్డు మీద తిరుగుతా ఉండాల, ఆదివారం పని చేయించి సోమవారం ఆఫీసుకి దాంట్లోనే పోవాల. బాగా ఉన్నదాన్ని లక్షా ఎనభైకి కొనడమే యాభై వేల కారు కంటే చవక అని నేను అందరితో కొట్లాడి మరీ చెప్తా.

ఉన్న డబ్బంతా కారు మీదే పెట్టొద్దు. రెండున్నర ఉంటే కారుకి లక్షా డెబ్బై, ఎనభై, మిగతాది మొదటి ఆరు నెలలకి. వీటెక్‌కి టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో బిల్లు లేకపోతే కొన్న వారంలోనే మార్చేయాలి, అది తెగితే వాల్వులు వంగిపోతాయి, అప్పుడు నిజంగా ఇంజన్ పోతుంది. టైర్ల మీద నాలుగంకెలుంటాయి, మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం, 1417 అంటే 2017లో 14వ వారం. బటన్లు ఎంత లోతున్నా మన ఎండకి అట్లాంటి పాత టైరు గట్టిపడిపోయుంటుంది, వానలో బ్రేకు కొడితే జారుతుంది. బ్యాటరీ గురించి మనం దిగులు పడాల్సిన పని లేదు, తిరుపతి పక్కన కరకంబాడిలో బ్యాటరీల ఫ్యాక్టరీనే ఉంది. పెట్రోలు పైపులు మాత్రం తప్పకుండా మార్చండి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, ఆ కాలం కార్లలో రబ్బరు దానికోసం చేసింది కాదు, ఉబ్బిపోయి చీలుతుంది, వేడి ఇంజన్ పక్కన పెట్రోలు కారితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది కూడా, కాబట్టి ట్యాంకులో పెట్రోలుతో నెలలు నెలలు నిలబెట్టొద్దు, వారానికోసారన్నా తిప్పండి.

తిప్పడానికి మనకున్నన్ని రోడ్లు ఎవరికున్నాయి చెప్పండి. తిరుమల ఘాట్ మాత్రం దీనికి కాదు, ఆ ఘాట్ రోడ్ల మీద వచ్చేది భక్తులు, ఎక్కేదానికి 28 నిమిషాలు, దిగేదానికి 40 నిమిషాలకంటే తక్కువ పట్టకూడదని టైము చూస్తారు, ఆ లెక్క ప్రకారమే పోవాల. నేను పొద్దున్నే పీలేరు మీదుగా మదనపల్లె పోయి హార్స్‌లీ కొండ ఎక్కుతా. ఆ మలుపుల్లో రెండో గేరులో ఇంజన్‌ని పైకి తీసుకుపోతే శబ్దం మారిపోతుంది, స్టీరింగ్‌లో రోడ్డు చేతికి తెలుస్తుంది. దానికి అరవై డెబ్బై స్పీడు చాలు. టన్ను చుట్టుపక్కల బరువున్న కారులో ఆ స్పీడులోనే దొరికే ఆనందం ఇప్పటి పెద్ద బండ్లలో నూటా ఇరవైలో కూడా రాదు, ఇది నేను రెండూ నడిపి చెప్తున్నా. మలుపు దగ్గర బాడీ గట్టిగా ఉన్న కారుకీ లోపల కుళ్ళిన కారుకీ తేడా కూడా అక్కడే తెలుస్తుంది. గట్టిది ఒక్కముక్కగా తిరుగుతుంది, డోర్లు కిర్రుమనవు.

హెరాల్డ్ ఆశ నాకు ఇంకా పోలేదు. 50 ఏళ్ళు దాటిన బండ్లకి 2021లో కేంద్రం వింటేజ్ రిజిస్ట్రేషన్ పెట్టింది, కొత్తగా చేయించుకుంటే ఫీజు 20,000, కానీ ఆ నంబరుతో రోజూ తిప్పకూడదు, ప్రదర్శనలకీ ర్యాలీలకీ రిపేరుకీ పెట్రోలుకీ మాత్రమే. నాకేమో తిప్పేదే కావాల, అందుకని మామూలు ఆర్సీ ఇంకా బతికున్నదాని కోసం చూస్తున్నా. పోయిన వారం ఫ్రెండొకడు ఫోన్ చేశాడు, పలమనేరు దగ్గర ఒక రైసు మిల్లులో గెజెల్ ఉందంట, హెరాల్డ్ తర్వాత స్టాండర్డ్ వాళ్ళు 1972లో తెచ్చింది, వెనక యాక్సిల్ మార్చి. ఇంజన్ స్టార్ట్ అవుతా ఉందన్నా, వీడియో పంపేదా అన్నాడు. వీడియో తర్వాత, ముందు ఆర్సీ ఫోటో, చాసిస్ నంబరు ఫోటో, ఆనక కింద పడుకొని చాసిస్ పట్టీల ఫోటోలు తీసి పంపమన్నా. ఇంకా రాలేదు.